మనదెంత పిన్ని

బ్యాగు పట్టీల ఏజెంటును పిన్ని వీధి చివరిదాకా తరిమి కొట్టిందని, అతను తెచ్చిన పట్టీతోనే కొట్టిందని, పాపం ఆ మనిషి స్కూటరు కూడా వదిలేసి పారిపోయాడని ఆ వీధిలో చెప్పుకుంటారు. మందుల షాపులో ఒక రకంగా, క్షవరం దుకాణంలో ఇంకో రకంగా చెప్పినా చివరికి అందరూ తేల్చేది ఒకటే. "ఆవిడకు చట్టం పిచ్చి పట్టింది. పక్క దేశంతో ఆ ఒప్పందమేదో అయినప్పట్నుంచీ మనిషి మనిషిలా లేదు."

కొట్టిందన్న మాట అబద్ధం. పిన్ని అతని పక్కన నడిచింది, అంతే. నడుస్తూ ఆ స్కూటర్లో మనదెంత, ఆ చేతి గడియారంలో మనదెంత, నల్లగా నిగనిగలాడుతున్న ఆ జుట్టులో మనదెంత అని అడుగుతూ పోయింది. జుట్టు దగ్గరికొచ్చేసరికి ఏజెంటు పరుగు లంకించుకున్నాడు. ఎవరైనా అదే చేస్తారు.

పిన్నికి ఉన్న జబ్బు అదొక్కటే. ఏ వస్తువు కనబడినా చేతిలోకి తీసుకుంటుంది, తిరగేస్తుంది, కళ్ళజోడు ముక్కు చివరికి దించుతుంది, "ఇందులో మనదెంత?" అంటుంది. జవాబు చెప్పేదాకా వస్తువు తిరిగివ్వదు. ఆవిడ స్కూలు బ్యాగుల షెడ్డులో పనిచేసే వాళ్ళంతా, వయసుతో పని లేకుండా, ఆవిడను పిన్ని అనే పిలుస్తారు. వెనక మాత్రం మనదెంత పిన్ని అంటారు.

నిజంగా పిన్ని అని పిలిచే హక్కున్నది ఒక్క అమ్మాయికే. ఆవిడ అక్క కూతురు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి షెడ్డులో పట్టీలు కుట్టే పనికి వచ్చింది. నోట్లో నాలుక లేని పిల్ల. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే సూది కింద పడేసి వెతుక్కుంటూ కూర్చుంటుంది. అయితే కళ్ళు మాత్రం ఊరుకోవు. పిన్ని ఎప్పుడు ఎవరిని పట్టుకోబోతోందో ఆ అమ్మాయికి ముందే తెలిసిపోతుంది. తెలిసి చేసేదేమీ లేదు. మొహం గోడవైపు తిప్పుకుని "అయ్యో, మళ్ళీ మొదలు" అనుకోవడమే.

జబ్బు ఎలా వచ్చిందంటే, ఒప్పందంతో వచ్చింది. చుట్టుపక్కల దేశాల పెద్దలంతా ఒక వేదిక మీద చేతులు కలిపి ఫొటో దిగారు. ఇకమీదట ఒకరి సరుకు ఇంకొకరి దేశంలోకి పన్ను లేకుండా పోవచ్చన్నారు. ఒక్కటే షరతు. సరుకు విలువలో నూటికి నలభై వంతులు ఇక్కడే తయారై ఉండాలి. మిగతా అరవైలో ఏ దేశం సామానున్నా అడగరు. ఎక్కడో చేసిన వస్తువు మీద మన ముద్ర కొట్టి సరిహద్దు దాటించకుండా చట్టంలో ఆ షరతు పెట్టారట.

అప్పటిదాకా పిన్ని బ్యాగులు ఆ నాలుగు వీధులే ఎరుగును. ఏడాది తిరిగేసరికి సగం సరుకు లారీ ఎక్కి సరిహద్దు దాటుతోంది. షెడ్డుకు కొత్త రేకులు వేశారు. అదే ఏడాది అవతలి నుంచి చవక రెయిన్‌కోట్లు వచ్చి పడ్డాయి. ఎదురుగా ఉన్న రెయిన్‌కోట్ల టైలరు మిషన్లన్నీ అమ్మేసి, ఒకప్పుడు తాను కుట్టినవాటిలాంటి కోట్లే అవతలి నుంచి తెప్పించి, ఆ పాత బోర్డు కిందే అమ్ముకుంటున్నాడు. అతని దగ్గర కుట్టుపని చేసినవాళ్ళు ఏమయ్యారో ఎవరూ అడగలేదు.

పిన్ని మాత్రం అన్నిటినీ అడగడం మొదలుపెట్టింది.

ముందు బలైనవాడు టీ తెచ్చే ఆయన.

"ఈ టీలో మనదెంత?"

"అదేంటి పిన్నీ, టీ టీయే కదా."

"పాలెక్కడివి?"

"మా ఇంటి పక్కవి."

"పొడి?"

"డబ్బా మీద ఏదో భాషలో ఉంది. నాకు చదవడం రాదు."

"నీళ్ళు?"

"మున్సిపాలిటీవి."

పిన్ని ఒక గుక్క తాగి ఆలోచించింది. "అన్నిటికంటే నీళ్ళే ఎక్కువున్నాయి. అంటే ఇది మున్సిపాలిటీ టీ. నీ వంతు నలభై దాటలేదు నాయనా. ఇంకాసిని పాలు పొయ్యి."

ఆ తర్వాత బాబాయి వంతు. పిన్ని మొగుడైన బాబాయి గుడ్డ కత్తిరించే బల్ల దగ్గర నిలబడి, రోజు మొత్తానికి పది మాటలు మాట్లాడే మనిషి. పళ్ళు ఊడిపోతే కట్టుడు పళ్ళు పెట్టించుకుని, ఇంటికొచ్చి సిగ్గుపడుతూ నవ్వాడు.

"ఆ నవ్వులో మనదెంత?" అంది పిన్ని.

"నవ్వు నాదే. పళ్ళు ఎక్కడివో డాక్టర్నడుగు."

"పైవరసా కిందివరసా రెండూ బయటివేనా? అయితే నలభై రాదు. నువ్వు మాత్రం సరిహద్దు దాటకు. పన్ను వేస్తారు."

బాబాయి ఆ మర్నాటి నుంచి రోజుకు పది మాటలు కూడా మానేశాడు.

మనవరాలు బడికోసం అట్టతో ఇల్లు చేసి తెచ్చి చూపిస్తే, "బంగారుతల్లీ, ఇందులో నీదెంత?" అని అడిగింది. గోడలు నాన్న కోశాడు, రంగు అమ్మ వేసింది. ఆ పిల్ల "జిగురు నేనే పూశాను" అని బావురుమంది. పిన్ని కూతురు రెండు రోజులు తల్లితో మాట్లాడలేదు.

ఇదంతా ఒక ఎత్తు, అమ్మాయికి తెచ్చిన సంబంధం ఒక ఎత్తు. దూరపు బంధువొకావిడ కుర్రాడి ఫొటో పట్టుకుని వచ్చింది. అమ్మాయి తలుపు వెనక నిలబడి చెమటలు కక్కుతోంది.

"సొంత ఇల్లమ్మా," అంది బంధువు.

"అందులో అబ్బాయిదెంత?"

"వాళ్ళ నాన్న కట్టించాడు."

"ఉద్యోగం?"

"మేనమామ వేయించాడు."

"సరే, కుర్రాడికి ఏ రంగంటే ఇష్టం?"

"అది వాళ్ళమ్మనడిగి చెప్పాలి."

పిన్ని ఫొటో తిరిగిచ్చేసింది. "పది వంతులు కూడా లేడు తల్లీ. వట్టి ముద్ర కొట్టిన సరుకు."

అమ్మాయికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. అంత సిగ్గులోనూ గుండెల మీంచి బరువు దిగినట్టే ఉంది గానీ, ఆ మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఎవరికైనా ఏమైనా చెప్పే పిల్ల అయితే కదా.

షెడ్డులో పిన్నితో రోజూ తలపడాల్సినవాడు అల్లుడు. కూతురి మొగుడు. లెక్కలు, అమ్మకాలు అతనివే. చెడ్డవాడు కాదు. షెడ్డు నిలబడాలని మనస్ఫూర్తిగా కోరుకునేవాడు. అందుకే అతనికి తలనొప్పి ఎక్కువ.

గొడవంతా పట్టీల దగ్గర. బ్యాగు భుజాన వేసుకునే పట్టీలను షెడ్డు వెనక గదిలో ఆరుగురు ఆడవాళ్ళు కుడతారు. లోపల స్పాంజి పెట్టి, గుడ్డ మడిచి, నాలుగు వరసల కుట్టు వేసి, చివర చేత్తో బిగిస్తారు. వాళ్ళలో పెద్దావిడను అందరూ పెద్దమ్మ అంటారు. అమ్మాయి కూర్చునేది పెద్దమ్మ పక్కనే. ఆ పని నెమ్మది. ఒప్పందంలో లేని ఒక పెద్ద దేశం నుంచి అలాంటి పట్టీలే, దూరం నుంచి చూస్తే ఇంకా బాగున్నట్టుండేవి, సగం ధరకు వస్తాయి. వాటి ఏజెంటే పిన్ని బారిన పడ్డ స్కూటరు మనిషి.

"అత్తయ్యగారూ, ఒక్కసారి వినండి," అన్నాడు అల్లుడు ఒకరోజు, చేతులు జోడించి. "అవతలి దేశంవాళ్ళు మనకంటే చవగ్గా బ్యాగులు తెచ్చి మన వీధిలోనే అమ్ముతున్నారు. ధర తగ్గించకపోతే ఎదురింటి టైలరు గతే మనదీనూ. పట్టీలు బయట కొందాం. ఆ వెనక గది మూసేద్దాం."

"చట్టం ఒప్పుకోదు బాబూ."

"చట్టం ఒప్పుకోదని మీరంటున్నారు."

"పట్టీలు పోతే మనది నలభైకి దిగువ పడిపోతుంది. నలభై లేకపోతే సరిహద్దులో పన్ను. పన్ను పడితే లారీ వెనక్కి. ఇంతకీ ఆ పెన్నులో మనదెంత?"

అల్లుడు పెన్ను జేబులో పెట్టేసుకున్నాడు. "పెన్ను సంగతి తర్వాత. వచ్చేవారం సరిహద్దు పన్నుల ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడు కదా. ఆయన్నే అడుగుదాం. పట్టీలు ఇక్కడే కుట్టాలి అంటే నేనింక నోరెత్తను. అక్కర్లేదన్నాడా, అదే రోజు ఏజెంటుకు ఫోను చేస్తాను. సరేనా?"

పిన్ని కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుంది. "అలాగే బాబూ," అంది. అంత చిన్న గొంతుతో పిన్ని మాట్లాడగా అమ్మాయి ఎప్పుడూ వినలేదు.

వెనక గదిలో ఆ వారమంతా ఒకటే బెంగ. పెద్దమ్మకు పట్టీలు తప్ప వేరే పని చేతకాదు. ఇంకొకావిడకు మోకాళ్ళు వంగవు, ఏ షెడ్డువాడూ రానివ్వడు. అమ్మాయి సంగతి సరేసరి. కొత్తచోటికి పనికి వెళ్ళి, కొత్తవాళ్ళకు పేరు చెప్పాలన్న ఊహకే ఆ పిల్ల సూది కింద పడేసేది.

భయంలో మనిషికి బుర్ర పనిచేయదు. ఆరుగురికి కలిసి అస్సలు పనిచేయదు. తనిఖీ అంటే ఆఫీసరు బ్యాగులో మనదెంతో చూస్తాడని కాకుండా, షెడ్డు మొత్తంలో మనదెంతో చూస్తాడని వాళ్ళకు వాళ్ళే అనుకున్నారు. ఇన్నేళ్ళుగా పిన్ని నోట విన్నదంతా అదే కదా మరి. ఆఫీసరు వచ్చే రోజు పొద్దున్నే పెద్దమ్మ గోడ గడియారాన్ని గోడవైపు తిప్పేసింది. ఇంకొకావిడ ఫ్యానుకు దుప్పటి కట్టింది. మిషన్ల మీద పేర్లున్నచోట గుడ్డముక్కలు అంటించారు. తమ చెప్పులన్నీ బయటి దేశానివేనని తేలడంతో అన్నిటినీ గోనెసంచిలో వేసి గుడ్డల కుప్ప కింద దాచారు. బాబాయి ఏమనుకున్నాడో ఏమో, కట్టుడు పళ్ళు తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

ఆఫీసరు గుమ్మంలో అడుగుపెట్టి ఆగిపోయాడు. ఉక్కపోతలో ఆగిన ఫ్యాను, గోడవైపు తిరిగిన గడియారం, వట్టికాళ్ళతో వరసగా తలొంచుకుని నిలబడ్డ ఆడవాళ్ళు, బోసినోటి ముసలాయన. ఆయన గొంతు తగ్గించి, "క్షమించండమ్మా, తెలీక వచ్చాను. ఎవరు పోయారు?" అన్నాడు.

"ఎవరూ పోలేదండి," అంది పిన్ని పంటి బిగువున, పెద్దమ్మ వైపు ఒక చూపు విసిరి. "అందరూ నిక్షేపంలా ఉన్నారు. ఇంకాసేపట్లో నేనే ఎవర్నో ఒకర్ని పంపిస్తాను."

సరిగ్గా అప్పుడే బయట లారీ హారను మోగింది. మధ్యాహ్నం రావలసిన లారీ పొద్దున్నే వచ్చింది. పెట్టెలు ఎక్కించాలంటే అల్లుడు దగ్గరుండాల్సిందే. "నేను వచ్చేదాకా ఆయన్ను పంపకండి," అని అత్తగారికి చెప్పి, జుట్టు పీక్కుంటూ బయటికి పరిగెత్తాడు. ముందురోజు సాయంత్రం పిన్ని లారీవాళ్ళతో ఫోనులో మాట్లాడటం అమ్మాయి చూసింది. దేనికో అప్పుడు తెలీలేదు.

పిన్ని ఆఫీసరును అద్దాల గదిలో కూర్చోబెట్టింది. టీ కప్పులు కూడా బయటి దేశానివని పెద్దమ్మ వాటిని ఎక్కడో దాచేసింది. అమ్మాయి స్టీలు గ్లాసులోనే టీ పట్టుకెళ్ళింది. ఆఫీసరు దాన్ని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి, ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ బ్యాగు విప్పి చూశాడు. ఏమేం ఎక్కడివో అడిగి లెక్క వేసుకున్నాడు. తర్వాత పట్టీ పట్టుకుని గట్టిగా లాగాడు. రెండుచేతులా లాగాడు. పట్టీ కదల్లేదు.

"పట్టీలు బాగున్నాయమ్మా. కానీ మీరు మా ఆఫీసుకు రాసిన ఉత్తరాల్లో వీటి గురించి అంత కంగారు పడ్డారెందుకు? గుడ్డ ఇక్కడిది, కత్తిరింపు ఇక్కడిది, కుట్టు ఇక్కడిది. పట్టీలు బయట కొన్నా మీకు నలభై హాయిగా దాటుతుంది."

ఆ గదిలోనే ఓ మూల నిలబడ్డ అమ్మాయి అయిపోయింది అనుకుంది. వెనక గది తలుపు మూసుకుపోవడం అక్కడే, ఆ నిమిషంలోనే కళ్ళకు కనబడింది.

పిన్ని మాత్రం ఉలిక్కిపడలేదు. లేచి వెళ్ళి అద్దాల తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"కాస్త మెల్లిగా బాబూ. మా అల్లుడు వింటాడు."

"అంటే... మీకు ముందే తెలుసా?"

"మొదటి లారీ పంపక ముందే తెలుసు. నలభై లేదని తెలిస్తే లారీ పంపుతానా?"

"మరి ఈ చట్టం గొడవంతా ఏమిటమ్మా?"

పిన్ని కుర్చీలో వెనక్కి వాలింది. "మా అల్లుడు మంచివాడు బాబూ. కానీ జాలి అంటే వినడు. జాలితో వ్యాపారం చేస్తామా అంటాడు. చట్టం అంటే మాత్రం నోరు మూసుకుంటాడు. మీకు ఆ ఉత్తరాలు కూడా అతను చూడాలనే రాశాను. ఎదురుగా రెయిన్‌కోట్లు కుట్టినవాళ్ళు ఇప్పుడెక్కడున్నారో నాకు తెలీదు. అందులో ఒకావిడ మా పెళ్ళికి నా చీర అంచు కుట్టింది. ఎక్కడుందో తెలీదు. వీళ్ళు ఎక్కడున్నారో నాకు తెలియాలి. నా వెనక గదిలో ఉండాలి."

"కానీ ఖర్చు..."

"లాభం కాస్త తగ్గుతుంది. తగ్గనీ. తెగని పట్టీ అని అవతలి కొట్లవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. ఆ మాత్రం చాలు మాకు."

ఆఫీసరు బుగ్గ గోక్కున్నాడు. "అయితే వీధిలో టీ మీదా, పళ్ళ మీదా విచారణ చేస్తారట కదా, అదెందుకు?"

పిన్ని మొహం మొదటిసారి కాస్త చిన్నబోయింది. "ఒక్క పట్టీల దగ్గరే అడిగితే అనుమానం వస్తుంది కదా. పిచ్చిదాన్ని అనుకుంటే ఎవరూ వాదించరని అన్నిటినీ అడగడం మొదలెట్టాను. ఇప్పుడు ఆపుదామన్నా ఆగట్లేదు. పడుకునేటప్పుడు దిండును కూడా అడుగుతున్నాను."

ఆఫీసరుకు పొలమారింది. నవ్వు ఆపుకోబోయి టీ చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. "నేను అబద్ధం చెప్పలేనమ్మా," అన్నాడు, తుడుచుకుంటూ.

"చెప్పమన్నానా? పట్టీలు బాగున్నాయా లేవా?"

"బాగున్నాయి."

"అదే చెప్పండి."

తలుపు తీసి బయటికి వస్తుంటే అల్లుడు చెమటలు కక్కుతూ ఎదురొచ్చాడు. ఒక చేతిలో ఫోను సిద్ధంగా ఉంది. "సార్, సార్, ఆ పట్టీల సంగతి..."

"పట్టీలు చాలా బాగున్నాయండీ," అన్నాడు ఆఫీసరు. అని, వెనక్కి చూడకుండా వెళ్ళి జీపెక్కాడు.

"బాగున్నాయంటే ఏమిటి? కావాలా అక్కర్లేదా?" అల్లుడు జీపు వెనక రెండడుగులు వేసి తిరిగొచ్చాడు. అత్తగారి మొహం చూసి అక్కడ లాభం లేదనుకున్నాడు. చూపు అమ్మాయి మీద పడింది. "నువ్వు లోపలే ఉన్నావు కదూ? ఏమన్నాడాయన? నువ్వు అబద్ధం ఆడవు. చెప్పు."

వట్టికాళ్ళ పెద్దమ్మ చేతులు కట్టుకుని చూస్తోంది. పిన్ని కళ్ళజోడు తుడుచుకుంటోంది. అమ్మాయికి అబద్ధం రాదు. నిజం చెప్పకూడదు. నేల చూసింది, గోడవైపు తిరిగిన గడియారాన్ని చూసింది, అల్లుడి చేతిలోని ఫోను చూసింది.

"బావగారూ," అంది. గొంతు కీచుమంది. "ఆ... ఆ ఫోనులో మనదెంత?"

అల్లుడు నోరు తెరిచాడు. ఫోనును వీపు వెనక దాచుకున్నాడు. అమ్మాయిని చూశాడు, పిన్నిని చూశాడు, మళ్ళీ అమ్మాయిని చూశాడు.

"దీనికీ అంటుకుంది!" అన్నాడు. "నోరు లేని పిల్లకు కూడా అంటించేశారు కదా అత్తయ్యగారూ! ఒక్కరితోనే వేగలేక చస్తుంటే ఇప్పుడు ఇద్దరా? నాకొద్దు బాబూ! మీ పట్టీలు మీరే కుట్టుకోండి. ఏజెంటూ వద్దు, ఎవరూ వద్దు. ఇంకెప్పుడైనా నేను పట్టీ అన్న మాట ఎత్తితే నన్ను ఆ లారీలో వేసి పంపించేయండి."

అతను విసవిసా లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు. పిన్ని అమ్మాయి వైపు చూడలేదు. కళ్ళజోడు పెట్టుకుని, "ఏమిటలా నిలబడ్డారంతా? ఆ ఫ్యాను ముసుగు తియ్యండి, చచ్చిపోతున్నాం!" అని కసిరింది. బాబాయి జేబులోంచి పళ్ళు తీసి పెట్టుకుని, చాలా రోజుల తర్వాత నవ్వాడు.

వెనక గదిలో చెప్పుల సంచి విప్పుకుని ఎవరివి వాళ్ళు వెతుక్కున్నారు. పెద్దమ్మ తన చోట కూర్చుని, అమ్మాయి భుజం మీద చెయ్యి వేసింది.

"మన పని ఉన్నట్టేనటే?"

"ఉంది పెద్దమ్మా."

పెద్దమ్మ రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టింది. "ఆ చట్టం రాసినవాడెవడో గానీ, చల్లగా ఉండాలి. మనలాంటివాళ్ళను తలచుకుని మరీ రాశాడు."

అమ్మాయి సూదిలోకి దారం ఎక్కిస్తూ ఊఁ కొట్టింది.

చట్టానికి ఆ పట్టీలతో పనే లేదు.